ఊరి బలమంతా ఒక్కడి ఒంట్లో

2024 జనవరి 12న 'హను-మాన్' విడుదలైంది. అమ్ముడైన ప్రతి టికెట్టు మీద ఐదు రూపాయలు అయోధ్య రామాలయానికి ఇస్తామని నిర్మాతలు ముందే ప్రకటించారు. పది రోజులకు, జనవరి 22న, ప్రధాని చేతుల మీదుగా అక్కడ ప్రాణప్రతిష్ఠ జరిగింది. 53,28,211 టికెట్లకు లెక్కగట్టి 2,66,41,055 రూపాయలు ఇస్తున్నట్టు నిర్మాతలు చెప్పారు. మరో మూడు నెలలకు దేశం లోక్‌సభ ఎన్నికల్లో ఓటేసింది. ఎవరి భక్తినీ ఇక్కడ తప్పు పట్టడం లేదు. గుడికి విరాళం ఇవ్వడం ఎవరి ఇష్టం వారిది. కానీ ఇంత జరిగాక కూడా "అది పిల్లల సినిమా, అందులో రాజకీయాలు వెతకొద్దు" అంటే ఒప్పుకోలేం. టికెట్టు చింపిన చోటే రాజకీయం మొదలైంది.

తీర్పు ముందే చెబుతున్నాం. సూపర్‌హీరో సినిమాల్లో రాజకీయం ఉంది. అది పాత్రలు పలికే మాటల్లో తక్కువ. కథ ముగిసేసరికి బలం ఎవరి చేతిలో మిగిలింది అన్న దగ్గర ఎక్కువ. ఆ చేయి దాదాపు ప్రతిసారీ ఒక్కడిదే. వందలమంది నిపుణులు ఏళ్ల తరబడి కష్టపడి తెర మీద చూపిన పనితనానికి మెప్పు దక్కాలి, దక్కుతోంది కూడా. ఆ మెప్పును సినిమా చెప్పే లోకనీతికి కూడా కలిపి ఇచ్చేయడం, ప్రభుత్వమే పిలిచి మొదటి పీట వేయడం మాత్రం తప్పు.

తెర మీది దైవరూపం ఓటుగా మారడం తెలుగు నేలకు కొత్త కాదు. 'మాయాబజార్' నాటి నుంచి రెండున్నర దశాబ్దాల పాటు ఇంటింటి పటంలో కృష్ణుడి ముఖం ఎన్టీఆర్ ముఖమైంది. 1982 మార్చి 29న ఆయన పార్టీ పెట్టారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మధ్యలో తొమ్మిది నెలలు. ఢిల్లీ పెద్దలు ముఖ్యమంత్రులను ఇష్టమొచ్చినట్టు మార్చడం మీద జనంలో ఉన్న కోపం, కిలో రెండు రూపాయల బియ్యం మాట, ఊరూరా తిరిగిన చైతన్యరథం, అన్నీ ఆ గెలుపులో ఉన్నాయి. వాటితోపాటు ఆ ముఖమూ ఉంది. అలాంటి రాష్ట్రంలో పుట్టి పెరిగినవాళ్లం తెర మీది దేవుడికి, బయటి అధికారానికి మధ్య దారి లేదని ఎలా నమ్ముతాం?

'హను-మాన్'ను కాస్త దగ్గరగా చూద్దాం. అంజనాద్రి అనే కల్పిత ఊరిని గజపతి అనే పాలెగాడు గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఎదురు తిరిగినవాణ్ని కుస్తీ బరిలోకి దిగమంటాడు, అక్కడే వాడి ప్రాణం తీస్తాడు. డాక్టరు చదివి ఊరికి వచ్చిన మీనాక్షి అతణ్ని అందరి ముందూ నిలదీస్తుంది. నువ్వెవరు మమ్మల్ని ఏలడానికి అన్న ప్రశ్న ఆ ఊళ్లో మొదటిసారి పైకి వస్తుంది. అక్కడ దర్శకుడు ప్రశాంత్ వర్మ చేతికి అసలైన రాజకీయ కథ దొరికింది. దాన్ని ఆయన ఎంతో దూరం నడిపించలేదు. చిల్లర దొంగతనాలు చేసుకు తిరిగే హనుమంతుకు సముద్రం అడుగున ఆంజనేయుని రక్తబిందువుతో పుట్టిన మణి దొరుకుతుంది. ఎండ పొడ తగిలితే చాలు, ఒంట్లోకి కొండంత బలం వస్తుంది. అదే బరిలో, అదే కుస్తీలో అతడు గజపతిని ఓడిస్తాడు. థియేటర్ దద్దరిల్లుతుంది.

ఆ ఈలల మధ్య ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. గజపతి ఓడాడు గానీ గజపతి పెట్టిన నియమం ఓడలేదు. ఎవడి కండ గట్టిదైతే వాడిదే ఊరు అన్నది ఆ నియమం. ఈసారి గట్టి కండ మంచివాడికి దొరికింది, అంతే తేడా. రేపు ఆ మణి ఇంకొకడికి దొరికితే? మీనాక్షి అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదు. ఊరివాళ్లు బరి చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. అంతకుముందు భయపడి చూశారు, ఇప్పుడు సంబరపడి చూశారు. రెండుసార్లూ చూడటమే వాళ్ల పని.

సినిమాలో మంచి లేదని కాదు. పెద్ద హీరో లేకుండా, పెద్ద సినిమాల పక్కన చాలా చిన్న బడ్జెట్‌తో, సంక్రాంతి పోటీలో నిలబడి గెలవడం చిన్న విషయం కాదు. తల్లిదండ్రులు లేకపోతేనే సూపర్‌హీరో అవుతామని పిల్లవాడిగానే తల్లిదండ్రుల్ని పొట్టన పెట్టుకున్న మైకేల్ పాత్ర, బలం మీద పిచ్చి ఎంత దూరం తీసుకెళుతుందో చూపిన మంచి ఊహ. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో, యాక్షన్ దర్శకత్వంలో ఈ సినిమాకు దక్కిన గుర్తింపు పూర్తిగా న్యాయం. దేనికి మెచ్చుకోవాలో దానికే మెచ్చుకున్నారు.

'కల్కి 2898 ఏడీ' సంగతి ఇంత సులువుగా తేలదు. 2024 జూన్ 27న వచ్చిన ఈ సినిమా మన సిద్దిపేట జిల్లా వాళ్లకు సూటిగా తగలాల్సింది. గంగ ఎండిపోయింది. లోకంలో మిగిలిన ఆఖరి పట్నం కాశీ. దాని నెత్తిన తలకిందులైన పిరమిడ్‌లా కాంప్లెక్స్. నీళ్లు, పచ్చదనం, మంచి గాలి అన్నీ దాని లోపలే. లోపలికి పోవాలంటే పది లక్షల యూనిట్లు కావాలి. బయట ఉన్నవాళ్లు గుక్కెడు నీళ్లకు, పిడికెడు తిండికి కొట్లాడుకుంటారు. గర్భం నిలిచే ఆడవాళ్లను పట్టుకుపోయి, వాళ్ల కడుపులోంచి పైన కూర్చున్న సుప్రీం యాస్కిన్ కోసం సారం పిండుతారు. ఈ మధ్యకాలంలో తెలుగు తెర మీద దోపిడీని ఇంత పెద్ద కాన్వాసు మీద ఎవరూ గీయలేదు. నాగ్ అశ్విన్ ఊహాశక్తికి ఈ మెప్పు దక్కి తీరాలి.

నీళ్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యమని ఈ జిల్లాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బోర్లు వేసి వేసి అప్పుల పాలైన రైతులు ఊరికి పదిమంది కనిపించేవారు. గోదావరి నీళ్లు రంగనాయకసాగర్‌కు, కొండపోచమ్మసాగర్‌కు ఎక్కి వచ్చిననాడు కాలువ గట్ల మీద నిలబడి చేతులు జోడించినవాళ్లూ ఈ జిల్లావాళ్లే. యాభై టీఎంసీల మల్లన్నసాగర్ కోసం ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లు ఇళ్లూ గుళ్లూ బొందల గడ్డలూ వదులుకొని లేచిపోయాయి. వేములఘాట్‌లో రిలే దీక్షలు నెలల తరబడి నడిచాయి. ఒకరి పొలం తడవడానికి ఇంకొకరి ఊరు మునగాలా, మునిగితే ఆ ఊరికి ఏం ఇవ్వాలి, ఎవరు తేల్చాలి అన్న ప్రశ్న ఇక్కడ ఇంకా పచ్చిగానే ఉంది. నీళ్లు కట్టేసిన పెద్దల మీద ఆరు వందల కోట్ల సినిమా అనగానే ఈ ప్రశ్న దరిదాపుల్లోకైనా వస్తుందని ఆశపడటం తప్పు కాదు.

రాలేదు. మొదటి అరగంటలో కాశీ జనం ఉన్నారు, తర్వాత వెనక్కి పోయారు. హీరో భైరవ యూనిట్ల వేటలో ఉంటాడు, అతనికి కావాల్సింది కాంప్లెక్స్ కూలడం కాదు, తానొక్కడూ లోపలికి పోవడం. అశ్వత్థామ కాపలా కాసేది ఇంకా పుట్టని అవతారానికి. చివర భైరవ ఎవరో తెలుస్తుంది: కర్ణుడు. థియేటర్ మళ్లీ దద్దరిల్లుతుంది. నీళ్లు ఎవరివి అన్న ప్రశ్న దగ్గర మొదలైన కథ, వీడు పోయిన జన్మలో ఎవరు అన్న ప్రశ్న దగ్గర ఆగింది. దాహానికి జవాబు పుట్టుకలో ఉందట. రెండో భాగంలో దారి మారొచ్చు, మారితే సంతోషం. కానీ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తమ చిత్రంగా పురస్కారం ఇచ్చింది మొదటి భాగానికి, తీర్పు కూడా దానికే.

రాజమౌళి 'ఆర్ఆర్ఆర్'ను సూపర్‌హీరో సినిమాగా చూసింది మొదట బయటి దేశాల ప్రేక్షకులే. పులిని, మోటారు బండిని చేతుల మీద ఆపే మనుషులను వాళ్లు ఇంకెలా అర్థం చేసుకోగలరు? 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిననాడు ప్రతి తెలుగువాడూ తలెత్తుకున్నాడు. ఆ పాటకు, కీరవాణికి, చంద్రబోస్‌కు అందిన గౌరవంలో అణువంత కూడా తగ్గించాల్సిన పని లేదు. కానీ కొమురం భీం విషయంలో ఆ సినిమా చేసిన అన్యాయాన్ని మరచిపోలేం. చరిత్రలో భీం పోరాడింది నిజాం సర్కారు అటవీ అధికారుల మీద, పట్టాలు పుట్టించి గోండుల భూమి గుంజుకున్నవాళ్ల మీద. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసు కాల్పుల్లోనే ఒరిగాడు. తెర మీద శత్రువు తెల్లవాడు ఒక్కడే అయ్యాడు. నిజాం మనిషి కబురు మోసే పాత్రగా మిగిలాడు. ఊళ్లో భూమి ఎవరు తిన్నారన్న లెక్క అక్కడితో చెరిగిపోయింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటుంది. చంద్రాపూర్‌లో అచ్చుయంత్రం దగ్గర పనిచేస్తూ భీం చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవితకథలు చెబుతాయి. సినిమా ముగింపులో ఆ భీమే అల్లూరి ముందు నిలబడి నాకు చదువు చెప్పమని అడుగుతాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాటను రాసిచ్చేది అవతలివాడు. ఆ మాట ఎవరి నోట పుట్టిందో, ఎవరి నెత్తుటితో నిలిచిందో తెలంగాణలో బడి పిల్లలకు కూడా తెలుసు. ఆదివాసీకి కండ ఇచ్చి, బుద్ధి ఇంకొకరికి ఇచ్చిన కథ అది. ఇంకో మాట కూడా చెప్పాలి. 2020 చివర, దుబ్బాక ఉప ఎన్నిక వేడి నడుస్తున్న రోజుల్లోనే, భీం పాత్ర నెత్తిన టోపీ కనిపించిందని అప్పటి రాష్ట్ర బీజేపీ అధ్యక్షుడు సినిమాను అడ్డుకుంటామని బెదిరించారు. టోపీ మీద అంత కోపం వచ్చింది. భూమి లెక్క చెరిగిపోతే ఏ పార్టీకీ కోపం రాలేదు.

మన పురాణాల్లోంచి మన సూపర్‌హీరోలను మనం తెచ్చుకుంటే మీకేం నొప్పి అని అడిగేవాళ్లున్నారు. నొప్పి లేదు, గర్వమే ఉంది. ఆ పని ఎలా చేయాలో తెలియాలంటే సినిమా వాళ్లు ఒకసారి మన చేర్యాలకు రావాలి. నూలు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల పిండి, జిగురు పట్టించి, ఆరబెట్టి, ఎర్రని రంగు నేల మీద పై నుంచి కిందికి బొమ్మలు గీస్తూ పోతారు నకాశీలు. పటం మూరల కొద్దీ సాగుతుంది. కథ చెప్పేవాళ్లు దాన్ని ఊరి మధ్య కట్టి, ఒక్కో గడి విప్పుతూ, కర్రతో బొమ్మ చూపిస్తూ పాడతారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెబుతారు.

ఆ జాంబపురాణాన్ని చూడండి. నేలా నీరూ ఏర్పడక ముందే జాంబవంతుడు ఉన్నాడని, దేవతలకన్నా పెద్దవాడని ఆ కథ. ఊరు బయట ఉంచిన మనుషులకు, మీరే మొదటివాళ్లు అని చెప్పే కథ. అతిలోక బలం ఉన్న వీరుడు, అద్భుతాలు, పోరాటాలు, సూపర్‌హీరో సినిమాలో ఉండేవన్నీ అందులో ఉన్నాయి. ఆ బలం ఒక్కడి ఒంట్లో ఆగిపోలేదు, పటం ముందు కూర్చొని విన్న ప్రతి మనిషి వెన్నులోకీ పాకింది. ఎవరి గురించి కథ చెబుతున్నారో వాళ్లే ఎదురుగా కూర్చొని ఉంటారు. తప్పు చెబితే అక్కడే అడుగుతారు. ఇది పురాణమే, ఇది రాజకీయమే. కాబట్టి లోపం ఆ రూపంలో లేదని మేం గట్టిగా నమ్ముతున్నాం. ఆ రూపాన్ని ఎవరి పక్షాన నిలబెట్టారన్న దగ్గరే ఉంది.

అమెరికాలోనూ ఇదే కథ. 1938లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యూదు కుటుంబాల కుర్రాళ్లు సూపర్‌మ్యాన్‌ను పుట్టించారు. మొదటి కథల్లో అతడు లంచగొండి సెనేటర్‌ను పట్టుకున్నాడు, పెళ్లాన్ని కొట్టే మొగుడికి బుద్ధి చెప్పాడు, భద్రత పట్టని గని యజమానిని గనిలోకే దింపి కూలీల బతుకు కళ్లకు కట్టాడు. అమెరికా ఇంకా యుద్ధంలో దిగక ముందే, 1941లో, కెప్టెన్ అమెరికా మొదటి పుస్తకం అట్ట మీద హిట్లర్ దవడ పగిలింది. అంత తెగువతో మొదలైన ఆ రకం ఇప్పుడు 'కెప్టెన్ మార్వెల్' కోసం వైమానిక దళం సాయం తీసుకునే దాకా వచ్చింది. ఆస్కార్ ఉత్తమ చిత్రం పోటీకి ఎక్కిన తొలి సూపర్‌హీరో సినిమా 'బ్లాక్ పాంథర్'. నల్లజాతి పిల్లలు తెర మీద తమ రాజ్యాన్ని చూసుకొని పొంగిపోయారు, ఆ ఆనందం విలువైనది. కానీ అణగారిన నల్లవాళ్ల చేతికి బలం ఇవ్వాలన్న కిల్‌మాంగర్ అందులో విలన్, సీఐఏ మనిషి మిత్రుడు. అక్కడా బలం రాజు చేతికే తిరిగి చేరింది.

ఒక్కడి చేతిలో ఆగని బలం చూడాలంటే మన జిల్లాలోనే మద్దూరు దిక్కున బైరాన్‌పల్లి ఉంది. ఊరి నడుమ బురుజు ఉంది. రజాకార్ల దాడులు మొదలయ్యాక ఊరివాళ్లు దాన్ని కావలి గోపురం చేసుకున్నారు. వంతులు వేసుకొని పైన కాపు కాశారు. దూరంగా దుమ్ము లేస్తే నగారా మోగించేవారు, మోత వినగానే పొలాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చేవారు. వడిసెలలు, బర్మార్లు, రాళ్లు, అవే ఆయుధాలు. దాడికి వచ్చినవాళ్లను తరిమికొట్టారు కూడా. 1948 ఆగస్టు 27న రజాకార్లు బలగాన్ని కూడగట్టుకొని తెల్లవారకముందే ఊరిని చుట్టుముట్టారు. ఆ ఒక్కరోజు తొంభై మందికి పైగా చనిపోయారు. భారత సైన్యం హైదరాబాద్‌లోకి రావడానికి అప్పటికి ఇంకా మూడు వారాలు కూడా లేదు.

అక్కడ మణి లేదు. పోయిన జన్మ బలం లేదు. వడిసెలలో రాయి పెట్టి తిప్పిన చెయ్యి ఏ కులందో ఆ క్షణం ఎవరూ అడగలేదు. ఇంతకన్నా పెద్ద వీరగాథ ఏ కామిక్ పుస్తకంలో ఉంది? ఈ కథ మీద 2024 మార్చిలో 'రజాకార్' అనే సినిమా వచ్చింది, ఒక పార్టీ నాయకుడే నిర్మాత. ఊరుమ్మడి పోరాటం అందులో రెండు మతాల కొట్లాటగా కుదించుకుపోయి, ఢిల్లీ నుంచి రక్షకుడు దిగివచ్చే కథగా ముగిసింది. దొరల గడీలు ఎక్కడ పోయాయి? వెట్టి ఎక్కడ పోయింది? సంఘం ఎక్కడ పోయింది? సూపర్‌హీరో లేని చోట కూడా సూపర్‌హీరో కథే చెప్పాలన్న అలవాటు ఇంత లోతుగా దిగింది.

ఇంకో దారి ఉందని చూపినవాడు మన జిల్లావాడే. గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి. నర్సింగరావు నిర్మించిన 'మా భూమి' 1980లో వచ్చింది, దర్శకుడు గౌతమ్ ఘోష్. ఆ సినిమాలో రామయ్య చచ్చిపోతాడు. హీరో పోయాడు కదా అని కథ ఆగదు, ఊరు నడుస్తుంది. కంబళి భుజాన వేసుకొని తెర మీద పాడిన గద్దర్ గొంతు ఊరూరా వినిపించింది. హైదరాబాద్‌లో ఏడాది పాటు ఉదయం ఆటలు నడిచాయి. ఆ ప్రేక్షకులు కాలక్షేపానికి వచ్చినవాళ్లు కాదా? టికెట్టు కొనలేదా? 1988లో నర్సింగరావే తీసిన 'దాసి'కి ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. గడీలో మాట పెగలని ఒక అమ్మాయి చుట్టూ తిరిగే సినిమా అది. జనం పెద్ద హీరో లేనిదే చూడరు అన్న మాట నిర్మాతలు చెప్పుకొనే సాకు, అది నిజం కాదు.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం, రాజకీయం బట్టలిప్పి నిలబడేది అక్కడే. 'కల్కి' విడుదలప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఎనిమిది రోజుల పాటు సింగిల్ స్క్రీన్ టికెట్టు మీద 75 రూపాయలు, మల్టీప్లెక్స్ టికెట్టు మీద 100 రూపాయలు పెంచుకోనిచ్చింది. తెల్లవారుజాము ఆటకు 200 రూపాయలు. జిల్లా కేంద్రంలో ఒక కూలీ కుటుంబం నలుగురూ పోయి సినిమా చూడాలంటే పెంపు ఒక్కటే మూడు వందలు. ఉన్నవాడికి లోపల చోటు, లేనివాడు బయట అన్న కాంప్లెక్స్ నియమాన్ని తిట్టే సినిమాకు, గేటు దగ్గర అదే నియమం జీవోగా వెలువడింది. ఇందులో నిర్మాతలను మాత్రమే తప్పు పట్టలేం, అడిగేవాడు అడుగుతాడు. ఇచ్చింది ప్రజలు ఓటేసి గెలిపించిన సర్కారు.

2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రత్యేక ఆట తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు అంచుదాకా వెళ్లాడు. ఆ సినిమా హీరో పుష్పరాజ్ ఒంటి మీద మణి లేదు గానీ అతడూ ఒక్కడే వందమందిని కొట్టే మనిషి, ఆ రాత్రి జనం పోటెత్తింది ఆ ఒక్కడి కోసం. డిసెంబర్ 21న ముఖ్యమంత్రి శాసనసభలో నిలబడి ఇకపై బెనిఫిట్ షోలు ఉండవు, ధరల పెంపు ఉండదు అన్నారు. రాష్ట్రమంతా ఆ మాటను మెచ్చుకుంది. నెల తిరక్కముందే సంక్రాంతి సినిమాకు పెంపు మళ్లీ వచ్చింది, హైకోర్టు ప్రశ్నించాక వెనక్కి పోయింది. సభలో ఇచ్చిన మాట నెల కూడా నిలవకపోతే, తెర మీది హీరో మాట తప్పడన్న నమ్మకం జనంలో పెరగదా? ఈ సినిమాలకు అంత ఆదరణ ఎందుకో తెలుసుకోవాలనుకునే పాలకులు ఈ ప్రశ్న తమకు తామే వేసుకోవాలి. ఎన్నుకున్నవాడి మీద ఆశ వదులుకున్న చోటే మణి ఉన్నవాడి మీద ఆశ పుడుతుంది.

ఇప్పుడు పురస్కారాల దగ్గరికి. నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరిట అవార్డులు ఇస్తామని ముఖ్యమంత్రి 2024 జనవరిలో ప్రకటించారు. మంచి నిర్ణయం. గద్దర్ మన పొరుగు తూప్రాన్ మనిషి. గొంగడి, కర్ర, గజ్జెలతో ఏ తెరా లేకుండా లక్షలమందిని కూర్చోబెట్టినవాడు, ఒక్కడు వచ్చి మిమ్మల్ని బాగుచేస్తాడని ఏ పాటలోనూ చెప్పనివాడు. 2025 జూన్ 14న హైటెక్స్‌లో ఆ పేరు మీద 2024 సినిమాలకు పురస్కారాలు ఇచ్చారు. ఉత్తమ చిత్రాల్లో మొదటిది 'కల్కి 2898 ఏడీ', రెండోది 'పొట్టేల్'.

'పొట్టేల్' చూసినవాళ్లు తక్కువ. సాహిత్ మోత్కూరి తీసిన ఈ సినిమా 2024 అక్టోబర్‌లో వచ్చి వెళ్లిపోయింది. ఎనభైల నాటి తెలంగాణ పల్లె. గొర్రెలు కాసుకునే గంగాధరి తన బిడ్డను చదివించాలనుకుంటాడు, పటేల్ చదవనివ్వడు. అమ్మవారికి వదిలిన పొట్టేలు తప్పిపోతే ఊరు ఊరంతా అతని మీద పడుతుంది. లోపాలున్న సినిమానే. రెండో సగంలో రక్తం ఎక్కువైంది, ఏడుపు ఎక్కువైంది. కానీ దాని కన్ను ఎటు చూస్తోందో దానికి తెలుసు. ఆ తండ్రికి ఏ దేవుడూ బలం ఇవ్వడు, తల్లీ తండ్రీ దెబ్బలు తింటూనే బిడ్డను బడి గడప దాకా తీసుకుపోతారు. పలక పట్టుకున్న ఆ పిల్ల చేతిలో ఉన్నంత రాజకీయం అశ్వత్థామ నుదుటి మణిలో లేదు.

జ్యూరీలో కూర్చున్నవాళ్లు అనుభవజ్ఞులు, వారి నిజాయితీ మీద మాకు అనుమానం లేదు. వాళ్ల ముందు పెట్టిన కొలత మీదే మా అభ్యంతరం. జాతీయ పురస్కారాల్లో జనరంజక చిత్రానికి వేరే విభాగం ఉంది, 'ఆర్ఆర్ఆర్'కు ఆ విభాగంలోనే అవార్డు వచ్చింది. విజువల్ ఎఫెక్ట్స్‌కు వేరే విభాగం ఉంది, 'హను-మాన్'కు అందులో వచ్చింది. వసూళ్లు, హంగు, కొత్త సాంకేతికత, కథ నిలబడిన పక్షం అన్నీ ఒకే తక్కెడలో వేస్తే ముల్లు ఎప్పుడూ బరువున్న వైపే వాలుతుంది. గద్దర్ అవార్డుల నియమావళిని వచ్చే ఏడాదికల్లా సవరించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని, చలనచిత్ర అభివృద్ధి సంస్థను కోరుతున్నాం. టికెట్టు ధర పెంచుకునేందుకు జీవో తెచ్చుకున్న సినిమాను మొదటి పురస్కారం పోటీ నుంచి తప్పించాలి. ప్రజల దగ్గర రెండుసార్లు వసూలు చేసిన సినిమాకు ప్రజల డబ్బుతో మొదటి బహుమతి ఇవ్వకూడదు.

'కల్కి'కి దర్శకత్వ పురస్కారం ఇవ్వండి, కళా దర్శకత్వానికి ఇవ్వండి, విజువల్ ఎఫెక్ట్స్‌కు ఇవ్వండి, మేమూ చప్పట్లు కొడతాం. గద్దర్ పేరు మోసిన ఆ ఏటి మొదటి ఉత్తమ చిత్రం పురస్కారం మాత్రం 'పొట్టేల్'ది.